వసారాలో చోటు

“ఆడవాళ్లకైతే వసారాలో చోటుంది. ఒంటరి మగవాళ్లకి ఇవ్వం,” అని ఇంటావిడ తలుపు వేయబోయింది.

పండగ రద్దీకి ఊళ్లో సత్రాలన్నీ నిండిపోయాయి. నాలుగు రోజులుగా కొండకు నడుస్తున్న గడియారాల మెకానిక్‌కి పాదాలు బొబ్బలెక్కాయి. కుంటుకుంటూ వెనుదిరిగాడు.

“అన్నయ్యా, ఎక్కడికి? ఆగు!” అంది మెట్ల మీద కూర్చున్న నర్సు. దారిలో ఒకసారి అతనికి మంచినీళ్లిచ్చిన పరిచయం, అంతే. “మా అన్నయ్యేనమ్మా. నాతోపాటే వచ్చాడు.”

ఇంటావిడ రెండు చాపలిచ్చి లోపలికి వెళ్లింది.

నర్సు అతని పాదానికి మందు రాస్తూ నవ్వింది. “దేవుడి దగ్గరికి వెళ్తుంటే నాచేత అబద్ధమాడించావన్నయ్యా. అలా బిగుసుకుపోయావేంటి? నీకు చెల్లెళ్లు లేరా?”

“ఒకర్తి ఉంది. మొగుడు పోయాక సంచీ పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. ఇల్లు ఇరుకన్నాను. తొమ్మిదేళ్లుగా మాటల్లేవు.”

“నిజంగా ఇరుకా?”

అతను తల అడ్డంగా ఊపాడు. “మూడు గదులు. నేనొక్కణ్ణే.”

నర్సు చెయ్యి ఆగింది. తర్వాత రెండో పాదానికి కూడా అంతే శ్రద్ధగా మందు రాసి, సీసా మూత బిగించింది.

“ఇక పడుకోండి,” అంది.

అంతదాకా ‘అన్నయ్యా, నువ్వు’ అన్న మనిషి.

“అలాగేనమ్మా,” అని అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు.