బెంచీ కింది ముడి

ఇరవై రెండేళ్లుగా వడ్రంగిని ఒకటే అనుమానం తొలుస్తోంది. ఆ మధ్యాహ్నం షెడ్డు తలుపుకి బయటి గడియ పెట్టింది తన చెయ్యేనా?

అన్నానికి ఇంటికెళ్తూ గడియ పెట్టడం చేతికి అలవాటు. లోపల చెక్కల వెనక నులకోడు కునుకు తీస్తున్నాడని చేతికేం తెలుసు? ఆయన చట్రం చేస్తే నులక అల్లే జతగాడు వాడు. పెళ్లీ పెటాకులూ లేనివాడు. వడ్రంగి తిరిగొచ్చేసరికి షెడ్డు మొత్తం మండిపోతోంది. వాడి జాడ మళ్లీ దొరకలేదు, బూడిదలో కలిసిపోయాడనే అందరూ అనుకున్నారు.

చెయ్యి చేసిన తప్పు మనిషిదే అవుతుందా అని ఆయన రోజూ దేవుణ్ణి అడుగుతాడు. దేవుడు చెప్పడు.

ఒకరోజు, తిరిగి కట్టుకున్న షెడ్డుకి ఒక అమ్మాయి వచ్చింది. ఇరవై ఏళ్లుంటాయేమో. వీధి మలుపులో పరదా దించిన ఆటో ఆగి ఉంది.

“బెంచీ కావాలి మేస్త్రీగారూ. నాలుగడుగుల పొడవు, మోకాలికి జానెడు కింద ఎత్తు. వీపాన్చే చెక్క వద్దు. సీటు నులకతో అల్లాలి.”

ఆయన చేతిలో పెన్సిల్ ఆగిపోయింది. షెడ్డు తగలబడిన రోజు సగంలో ఉన్న బెంచీ కొలతలవి.

“అల్లేవాడు లేడమ్మా.”

“చట్రం ఇవ్వండి చాలు. అల్లిక మా పని.” చుట్టూ చూసింది. “ఈ తలుపుకి గడియ లేదేం?”

ఆయన తల వంచుకుని కొలతలు రాసుకున్నాడు.

ఆ పది రోజులూ చెయ్యి మాట వినలేదు. పట్టె కొసన చెక్కిన కుసి కాలి బెజ్జంలో కూర్చోక రెండుసార్లు పట్టె పాడైంది.

“చెక్క చాలక వేళ్లు కూడా చెక్కుతున్నారా?” అంది భార్య.

దేవుడి ముందు నిలబడినా చెవిలో గడియ చప్పుడే.

చట్రం తీసుకెళ్తూ అమ్మాయి అడిగింది. “ఆ నిప్పుకి కారణం ఎవరో మీకు తెలుసా?”

“తెలీదు.”

“ఆలోచించుకోండి. వారంలో వస్తా.”

అన్నట్టే వచ్చింది. ఈసారి ఆటో గుమ్మం దాకా వచ్చింది. పరదా అలాగే ఉంది. బెంచీ దింపి లోపలికి తెచ్చింది.

“తడిమి చూడండి.”

ఆయన అల్లిక కిందికి చెయ్యి పోనిచ్చాడు. ఎడమ పట్టె లోపలివైపు, కొసను రెండుసార్లు మడిచి దూర్చిన ముడి. అలా వేసేవాడు నులకోడొక్కడే. వాడి తరఫున లెక్క అడగడానికే ఈ పిల్ల వచ్చిందనుకున్నాడు.

“గడియ పెట్టింది నేనేనమ్మా,” అన్నాడు, ఇరవై రెండేళ్లలో మొదటిసారి పైకి. “పోలీసుల్నే పిలుస్తావో, ఏం చేస్తావో నీ ఇష్టం.”

అమ్మాయి సంచీలోంచి ఒక ఉలి తీసి బెంచీ మీద పెట్టింది. పిడి మీద మూడు గాట్లు, ఆయన గుర్తే. ఆ పొద్దున నులకోడు అరువడిగి తీసుకున్నది. చెక్క పిడికి కాలిన మచ్చైనా లేదు.

“బీడీ ఆర్పకుండా నిద్రపోయి షెడ్డు తగలబెట్టింది తనేనని మీకు మొహం చూపించలేక, ఈ ఉలితోనే కిటికీ ఊచలు పీకి పారిపోయాడట, అరువు తీరిపోయింది కదా పెదనాన్నా, ఆటోలో కూర్చున్న మా నాన్నని లోపలికి రానిస్తారా?”