ఏడో వరుస

“ఆ తెరలో సీరియల్ వస్తాదా పాపా?” పాలసీసాలు కడుగుతూనే అడిగింది ఆయా పుట్టమ్మ.

“రాదు పెద్దమ్మా. అంకెలే.” శశికళకు నవ్వే ఓపిక కూడా లేదు.

పెంచలేని ఆడబిడ్డలను ఊయలలో వదిలి వెళ్లే శిశుగృహం అది. తమిళనాడులోని ధర్మపురి ఊరి చివర ఉంది. అక్కడికి మొదటిసారి కంప్యూటర్ వస్తోంది. తెర మీద ఏమేం కనపడాలో పనిచేసేవాళ్లనే అడిగి రాసుకురమ్మని బెంగళూరు కంపెనీ శశికళను పంపింది. ప్లస్ టూ సగంలో ఆపేసిన ఆమెకు దొరికిన నెల రోజుల పని. ఇంట్లో రెండేళ్ల గోకుల్‌కి జ్వరం. అత్తకు ఇప్పటికి మూడుసార్లు ఫోన్ చేసింది.

“పాలడబ్బాలు ఎన్ని మిగిలుండాయో కనపడితే నాకు చాలు,” అంది పుట్టమ్మ. నర్సు శివరంజనికి బరువులు, టీకా తేదీలు కావాలి. అలా ఆరు వరుసలు నిండాయి.

ఏడోది శశికళే కదిపింది. “దత్తు పోయినోళ్లు ఇప్పుడెట్లుండారో చూపిస్తే?”

“పోయినోళ్లతో మాకేం పని? ఉండేవాళ్లకే చేతులు చాలడం లే,” అంది నర్సు, ఏడుస్తున్న బిడ్డను భుజం మార్చుకుంటూ.

ఆ ఒక్క వరుసా ఎలాగైనా నిలవాలి. సాయంత్రానికి జాబితా బెంగళూరు వెళ్లిపోతుంది. ఇక మిగిలింది శిశుగృహం ఆఫీసరు నరసింహన్ సంతకం.

ఆయన ఏడో వరుస దగ్గర ఆగాడు. “ఇది ఎవరడిగినారమ్మా?”

“ఎవరూ అడగలే సార్. ఉంటే మంచిదని...”

“వాళ్ల పేరూ ఊరూ బయట పెట్టకూడదు, తెలుసు కదా?”

“పేరొద్దు, ఊరొద్దు సార్. బాగుండాదా, బడికి పోతా ఉండాదా, అంతే.”

ఆయన నిట్టూర్చాడు. “నువ్వు తెచ్చిన కాగితమే చూడు. ప్రతి వరసకీ ‘అడిగినవారు’ అని గడి ఉండాది. పేరు లేకుంటే మీ కంపెనీవాళ్లే కొట్టేస్తారు. టీ తాగొచ్చి సంతకం పెడతా. ఎవరైనా ఉంటే రాయి, లేకుంటే వదిలెయ్.”

శశికళ బెంచీ మీద కూలబడింది. కాళ్లు లాగేస్తున్నాయి. ఫోన్ మోగింది. గోకుల్‌కి జ్వరం దిగిందని అత్త చెప్పింది. “సరే” అని పెట్టేసింది.

ఆ ఖాళీ గడిలో మెల్లగా రాసింది: “శశికళ, అయిదేళ్ల కిందట ఆడి పద్దెనిమిది పండగ నాడు మీ ఊయలలో ఆడబిడ్డను పెట్టి వెళ్లిన తల్లి.”