మలుపు దగ్గర రెండు చెక్కలు

కారు కడుపు రోడ్డు మీది హంప్‌కు గీరుకుంది.

ఆ చప్పుడు యోగేష్‌కు తన పళ్ళమీద ఆకురాయి పెట్టినట్టు వినిపించింది.

మూకండపల్లిలో మెకానిక్ లోహిత్ షెడ్డు నుంచి బండి బయటికొచ్చి గంట కూడా కాలేదు. లోహిత్ పాత స్ప్రింగులు పీకేసి, ఎత్తు తగ్గించుకోను, పెంచుకోను వీలుండే సస్పెన్షన్ బిగించాడు. బాగా దించాడు. ఇప్పుడు టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య వేలు కూడా దూరదు.

ఆదివారం కృష్ణగిరి అవతల డ్రాగ్ రేసు ఉంది. నేరుగా సాగే ట్రాక్, పక్కపక్కన రెండు కార్లు, ముందు చేరినవాడిదే గెలుపు.

లోహిత్ ఒక స్పానర్ కూడా చేతికిచ్చాడు. ట్రాక్ మీద ఎంతైనా దించుకో, రోడ్డు మీద మాత్రం రెండు వేళ్ళు ఎత్తుకో అన్నాడు.

“ఎత్తుకుంటే టాక్సీ అనుకుంటారప్పా,” అన్నాడు యోగేష్.

స్పానర్ డిక్కీలో పడింది.

యోగేష్ మదనపల్లి నుంచి ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చి, కెలమంగలంలో అద్దెకు దిగాడు. రోజూ పోయే దారిలో, ఈ మలుపు దగ్గర ఒకే ఒక్క హంప్. కంకర, సిమెంటు కలిపి ఎవరో చేత్తో వేసింది. తెల్ల గీత లేదు, బోర్డు లేదు.

ఈ పక్క ఊళ్ళల్లో అలాంటి హంప్ కనిపిస్తే, అక్కడ ఎవరో పోయారని అర్థం. కొత్తగా వచ్చినవాడికి అది తెలియదు.

రోడ్డు పక్క టీకొట్టు నుంచి ఒక ముసలాయన లేచి వచ్చాడు. చంకలో రెండు చెక్కలు.

ముందు చక్రాలకు ఎదురుగా వాటిని హంప్ మీదికి వాలుగా ఆనించాడు.

“నిదానంగా పోప్పా. నేను చూస్తా ఉండాను.”

కారు గీరుకోకుండా దాటింది. టీ తాగమని యోగేష్ నోటు చాచితే, ముసలాయన చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

మరుసటి రోజు నుంచి అదే వరస. కారు చప్పుడు వినగానే ముసలాయన చెక్కలతో సిద్ధం. ఒకరోజు వెనకే వచ్చిన గోపీనాథ్ అది చూశాడు. జేసీబీలు నడిపే కాంట్రాక్టరు, యోగేష్ స్నేహితుడు.

“కారు కొన్నావా, పల్లకీ కొన్నావా? బోయీని కూడా పెట్టుకున్నావే.”

ఆ ఎగతాళి యోగేష్‌కు ముల్లులా దిగింది.

శుక్రవారం కారు దిగి, ఈ హంప్ వేసిన మహానుభావుడెవరని ముసలాయన్ని అడిగాడు.

“నేనే వేసినాను.”

“రోడ్డు నీ సొంతమా తాతా?”

“కాదప్పా. బడి పిల్లోళ్ళు దాటే చోటు. ఒక బిడ్డ పోయినాడు ఈడ. బండిని రెండు వేళ్ళు ఎత్తుకో, చాలు.”

మళ్ళీ ఆ రెండు వేళ్ళే. యోగేష్‌కు ఒళ్ళు మండింది.

“నీ కొడుకు పోయినాడని ఊరంతా నీ గుంతల్లో, గుట్టల్లో పడి లేవాల్నా?”

ముసలాయన తల దించుకున్నాడు.

కొట్టులో టీ పోస్తున్న మునెమ్మ చెయ్యి ఆగింది. పొద్దునా మధ్యాహ్నం ముసలాయనకు తినడానికి పెట్టేది ఆమే. కోడలై ఉంటుందని యోగేష్ ఎప్పుడో అనుకున్నాడు.

“ఆయనెవరో తెలిసే మాట్లాడతా ఉండావా నువ్వు?” అంది ఆమె.

“వద్దమ్మా,” అని ముసలాయన చెయ్యెత్తాడు.

శనివారం మధ్యాహ్నం గోపీనాథ్ జేసీబీ వచ్చింది. అనుమతి లేని హంప్‌ను తీస్తే అడిగేవాడు లేడని యోగేష్ స్నేహితుడికి ధైర్యం చెప్పాడు. బకెట్ రెండుసార్లు గీకేసరికి రోడ్డు చదునైంది.

మునెమ్మ మట్టెత్తి తిట్టింది. ముసలాయన మాత్రం చెక్కలు పట్టుకొని నిలబడి చూశాడు.

“రేపు గెలిచి వచ్చి మిఠాయి పెడతాలే తాతా.”

“రేపు ఆదివారం. బడి ఉండదు,” ముసలాయన తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. “సోమవారం చూసుకోవాల.”

ఆదివారం యోగేష్ గెలిచాడు. కారు బాణంలా పోయిందని లోహిత్ భుజం తట్టాడు.

సోమవారం పొద్దున ఫ్యాక్టరీలో చూపించడానికి కప్పు వెనకసీట్లో పెట్టుకొని బయలుదేరాడు.

మలుపు దగ్గర జనం. జల్లి కంకర నింపిన టిప్పర్ రోడ్డుకు అడ్డంగా ఆగి ఉంది. అవతలి గట్టున బడి పిల్లలు సంచులు కరుచుకొని, ఒకరినొకరు పట్టుకొని నిలబడ్డారు. ఒక్కరికీ దెబ్బ లేదు.

రోడ్డు మధ్యలో ఒక చెక్క రెండు ముక్కలై ఉంది. దానికి ఎర్ర తువ్వాలు కట్టి ఉంది.

ముసలాయన చెక్కను జెండాలా ఎత్తి పట్టుకొని రోడ్డు మధ్యలో నిలబడ్డాడని ఎవరో చెప్పారు. పిల్లలు దాటేశారు. టిప్పర్ ఆగలేకపోయింది.

ముసలాయన తల మునెమ్మ ఒళ్ళో ఉంది. ఆమె కొంగుతో ఆయన మొహం మీది దుమ్ము తుడుస్తోంది.

యోగేష్ దగ్గరికి పోయాడు.

“కొడుకు పోయిన చోటే...” అని ఆగిపోయాడు.

మునెమ్మ తలెత్తింది. కళ్ళల్లో తడి లేదు.

“పోయింది ఈయన కొడుకు కాదప్పా, నా కొడుకు.”

“మరి ఈయన?”

“హనుమంతప్ప. జైల్లోంచి విడిచిన దినం నేరుగా ఈడికే వచ్చినాడు. ఏడాది దాకా నేను ఆ మొగం చూడలేదు, గుక్కెడు నీళ్ళు పొయ్యలేదు. అయినా ఈడనే కూచున్నాడు, ఒక్కడే కంకర మోసి హంప్ వేసినాడు.”

ఆమె ఆయన కళ్ళు మూసింది.

“నా బిడ్డను గుద్దిన లారీ నడిపింది ఈయనే.”