షెన్ యాత్రల ఆఖరి మజిలీ

ఫ్లాస్కులో వేడినీళ్లు పోయాలి. లాప్‌టాప్ ఛార్జ్ చేయాలి. కమలాపండ్లు కొనాలి. లైబ్రరీ దగ్గర షెన్ గారిని ఎక్కించుకోవాలి. గావ్‌కి మాత్రం ముందుగా తెలియనివ్వకూడదు.

ఉజ్వల అన్నిటికీ టిక్కు పెట్టి, ఆఖరిదాని కింద రెండు గీతలు గీసింది.

“ఏందే, పగోడింటికి పండ్లు పట్టుకొని పోతున్నమా?” డ్రైవ్ చేస్తున్న రూమ్మేట్ హంసిక నవ్వింది.

“ఉత్తచేతులతో ఎవరింటికీ వెళ్లకూడదట, ఆయన పద్ధతి. ముందు పండ్లిస్తాం. తర్వాత వాడి పేరూ అడ్రసూ పుస్తకంలోకి ఎక్కిస్తాం.”

వెనక సీట్లో ముసలాయన కిటికీలోంచి మంచు చూస్తున్నాడు. ఆ పుస్తకం చెప్పే కథ ఇది: చైనాలో మార్పు రావాలని రాసినందుకు షెన్‌ని జైల్లో పెట్టారు, తర్వాత దేశం నుంచి వెళ్లగొట్టారు. పద్నాలుగు దేశాలు తిరిగి యాత్రలు రాశాడు. ఆయన చేతులు వణుకుతాయి కనుక శనివారాలు లైబ్రరీలో ఆయన చెబుతుంటే ఉజ్వల టైప్ చేసేది. ప్రతి అధ్యాయం చివరా ఎవరో ఒకరిని గుర్తుంచుకోమని పాఠకుణ్ణి అడగడం ఆయన అలవాటు. అట్ట మీద తన ఫొటో వద్దన్నాడు. ఇల్లెక్కడని అడిగితే, “వెళ్లగొట్టినవాడికి ఇల్లేమిటమ్మా?” అనేవాడు.

జైలు అధ్యాయం టైప్ చేసిన రోజు ఉజ్వలకు అన్నం సయించలేదు. షెన్‌తో ఒకే గదిలో ఉండి, ఒకే గిన్నెలో తిన్న గావ్, అతని ఉత్తరాలు తీసుకెళ్లి పోలీసుల చేతిలో పెట్టాడు. ఇప్పుడు పక్క ఊరు నోవైలో దర్జాగా బతుకుతున్నాడు! ఉజ్వల వాళ్లింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమే. నాలుగక్షరాలు రాసినందుకు స్నేహితుణ్ణి పట్టిస్తారా? ఆమెకు మింగుడుపడలేదు.

“షెన్ అంకుల్!”

పలకలేదు.

“షెన్ అంకుల్!”

ఉలిక్కిపడి తిరిగాడు. ఎప్పుడూ ఇంతే, రెండోసారి పిలిస్తేగాని పలకడు. గుసగుసలు మాత్రం శుభ్రంగా వినబడతాయి.

“వాడు కనబడగానే ఏం చేస్తారు?”

“ముప్పై ఏళ్లమ్మా. వాడు ఏ దేశం వెళ్తే ఆ దేశం వెళ్లాను. కంటినిండా నిద్రపోనివ్వలేదు. ఇవాళ లోకానికి పట్టిస్తాను.”

“గట్లుండాలె!” హంసిక స్టీరింగు మీద చరిచింది.

వాకిట్లో మంచు ఊడ్చిన చిన్న ఇంటి ముందు కారాగింది. ఉజ్వల ఫోన్‌లో కెమెరా ఆన్ చేసి, బెల్ మీద వేలు పెట్టబోయింది.

“వద్దు,” అన్నాడు ముసలాయన. కోటు జేబులోంచి తాళంచెవి తీసి తలుపు తెరిచాడు. “బూట్లు ఇక్కడ విప్పండి.”

హాలు గోడకి ఒకే ఒక్క ఫొటో. ఎవరో పాతికేళ్ల కుర్రాడు నవ్వుతున్నాడు. ముసలాయన కమలాపండ్లు దాని ముందు పేర్చాడు.

“అంకుల్... ఇది గావ్ ఇల్లు కదా?”

“అవును. నా ఇల్లే. లాప్‌టాప్ తెరువు. ఆఖరి వాక్యం రాసుకో.”

ఉజ్వల టైప్ చేసింది.

“జైలుగోడ దాటి ఒక్క దేశమూ చూడని షెన్‌ని గుర్తుంచుకోండి.”