ఇసకలో దిగబడని బండి

“కొత్త మోడల్లో బరువు తగ్గిస్తారంటగా! నిజమేనా అమ్మా?”

నాంచారయ్య లోపలికి వస్తూనే అడిగాడు. చెప్పులు షోరూము గుమ్మం బయటే వదిలేశాడు. వేసుకుని రావచ్చని ఎన్నిసార్లు చెప్పినా వినడు.

ఆయన్ని చూడగానే ఝాన్సీకి ప్రాణం లేచి వచ్చింది. తెనాలిలోని ఆ షోరూము వాళ్లు మోటారుసైకిళ్లతో పాటు ఏటీవీలు కూడా తెచ్చిపెట్టారు. నాలుగు లావుపాటి చక్రాలతో, బురదలో అయినా ఇసకలో అయినా బరువులు లాగే బండ్లు. వాటిని అమ్మే పని ఝాన్సీది. ఎక్కి కూర్చుని ఫోటోలు దిగిన వాళ్లున్నారు గాని, కొన్న మహానుభావుడు ఒక్కడూ లేడు. మేనేజరు హనుమాన్‌ప్రసాద్ ఆ పొద్దునే మొహమాటం లేకుండా చెప్పేశాడు.

“ఈ నెల ఒక్క బుకింగైనా రాకపోతే, వచ్చే నెల నువ్వు రానక్కర్లేదమ్మా.”

భర్త పోయాక ఇద్దరు పిల్లల్నీ ఆ జీతంతోనే నెట్టుకొస్తోంది. దానికోసమే రోజూ రేపల్లె నుంచి రైల్లో పడి వస్తుంది. ఈ ఉద్యోగం పోతే ఏం చేయాలో ఆమెకు తెలియదు. ఆశంతా నాంచారయ్య మీదే. బాపట్ల అవతల సముద్రపొడ్డున ఆయన ఊరు. వేట పడవను గట్టుకు లాగడానికే బండి అడుగుతున్నాడని ఆమె నమ్మకం. ఎండాకాలం నుంచీ వస్తూనే ఉన్నాడు, అడుగుతూనే ఉన్నాడు.

“తగ్గిస్తారనే అంటున్నారు బాబాయిగారూ. కంపెనీ ఇంకా పైకి చెప్పలేదు. యాభై కేజీల దాకా తగ్గొచ్చని మా మేనేజరు గారి అంచనా.”

“మరి ఇంజనో?”

“అది పెంచుతారట.”

“బరువు తగ్గించి ఇంజను పెంచుతారా! అదెట్టా కుదురుద్ది?”

“ఎందుకు కుదరదండీ! ఒక్కరు హ్యాండిలు పట్టుకుంటే చాలు. ఎంత పెద్ద పడవైనా గట్టున పడుతుంది.”

“ఒక్కరేనా?”

“ఒక్కరే.”

నాంచారయ్య మొహం వాడిపోయింది. ధర గురించి దిగులు కాబోలు అనుకుని ఝాన్సీ టీ తెప్పించింది. పొగలు కక్కే గ్లాసును ఆయన రెండు అరచేతుల మధ్య ఇముడ్చుకున్నాడు. చురుక్కుమన్నట్టే లేదు. ఆ చేతులు చెప్పు అట్టల్లా మొద్దుబారిపోయి ఉన్నాయి.

“ఇదుగో, ఈ పాత బండిని మా ఇసకలో వదిలితే?” షోరూములో ఉన్నదాన్ని చూపించి అడిగాడు.

అబద్ధమాడితే ఇప్పుడే బుకింగు రాసుకోవచ్చు. కానీ ఆ పెద్దాయన్ని మోసం చేయడానికి ఆమెకు మనసొప్పలేదు.

“ఇది బరువెక్కువండి. నీళ్ల అంచున మెత్తటి ఇసకలో దిగబడుతుంది. అందుకే కొత్తది వచ్చేదాకా ఆగమంటున్నా.”

ఆయన మొహం విప్పారింది.

“పోయినేడు ట్రాక్టరు తెచ్చారమ్మా మా ఒడ్డుకి. సగం చక్రాల దాకా దిగబడింది. ఆఖరికి ఆ ట్రాక్టర్నే మావాళ్లంతా కలిసి పైకి లాగాల్సొచ్చింది!” అని పడీపడీ నవ్వాడు.

వారం తిరక్కుండానే కంపెనీ కబురు పంపింది. కొత్త మోడలు ఇప్పట్లో రాదు, వానలు వెళ్లాకే. ఝాన్సీ ఏడుపు గొంతుతో ఆయనకు ఫోన్ చేసి చెప్పింది. మర్నాడు నాంచారయ్య సంచీ నిండా రొయ్యలతో దిగాడు.

“పిల్లలకి ఇగురెట్టు తల్లీ. నీ నోటి వెంట చల్లని మాట విన్నా.”

ఇంత మంచి మనుషులు కూడా ఉంటారా అనుకుంది ఝాన్సీ.

“నీ కస్టమరు రొయ్యలే తెస్తాడు గాని డబ్బు తేడు,” అని మేనేజరు ఎగతాళి చేశాడు. “సరే, కొత్తది వచ్చేదాకా చూస్తా. అప్పుడూ అమ్మలేకపోతే ఇక నా దగ్గరికి రాకు.”

వానలు వెళ్లాయి. కొత్త బండి వచ్చింది. అనుకున్నట్టే బరువు తగ్గింది, ఇంజను పెరిగింది. ఝాన్సీ ఆనందం పట్టలేక ఫోన్ చేసింది.

“బాబాయిగారూ, వచ్చేసింది!”



“వచ్చేసిందా?” అన్నాడు ఆయన నీరసంగా.

“మీరు రానక్కర్లేదు. మీ ఒడ్డుకే తెచ్చి చూపిస్తాం.”

“వద్దమ్మా. అంత దూరం నీకెందుకు శ్రమ? వద్దు తల్లీ.”

మొహమాటపడుతున్నాడని ఆమె నవ్వుకుంది. మర్నాడే బండిని వ్యానులోకి ఎక్కించి, మెకానిక్కును వెంటబెట్టుకుని బాపట్ల మీదుగా ఆ ఊరు చేరింది.

వేటకు వెళ్లిన పడవొకటి అప్పుడే వచ్చి అలల్లో ఊగుతోంది. ఒడ్డున జనం మూగారు. వాళ్లలో నాంచారయ్య కూడా ఉన్నాడు. ఝాన్సీ చెయ్యి ఊపింది. ఆయన ఊపలేదు.

మెకానిక్కు పడవకు గొలుసు తగిలించి బండి ఎక్కాడు. ఇంజను గుర్రుమంది. చక్రాలు ఇసకను చిమ్మాయి, అంతే. దిగబడలేదు. పడవ జారుకుంటూ వచ్చి గట్టున కూర్చుంది. జనంలో ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు.

తెల్లచొక్కా వేసుకున్న ఆసామి మాత్రం పరుగున వచ్చాడు. పేరు కొండలరావట. ఆ ఒడ్డున సగం పడవలు ఆయనవే.

“అమ్మాయ్, ఇది నాకు రేపే కావాలి. అడ్వాన్సు ఇప్పుడే తీసుకో.”

ఝాన్సీకి కళ్లనీళ్లు ఆగలేదు. ఉద్యోగం నిలబడింది. పిల్లల బడి నిలబడింది. ఇసకలో పరుగులాంటి నడకతో నాంచారయ్య దగ్గరికి వెళ్లి ఆయన చేతులు రెండూ పట్టుకుంది.

“మీ పుణ్యమే బాబాయిగారూ! మీరు అన్నిసార్లు రాకపోతే నేనీ ఒడ్డు మొహం చూసేదాన్నా? మరి మీ పడవకి బండి ఎప్పుడు తీసుకుంటారు?”

ఆయన మెల్లగా చేతులు విడిపించుకున్నాడు. కాళ్ల దగ్గర పడి ఉన్న లావుపాటి మోకుతాడు తీసి చుట్టలు చుట్టడం మొదలుపెట్టాడు. వెనకున్న మగవాళ్లంతా ఆమెనే చూస్తున్నారు. కోపంగా కాదు, ఊరికే చూస్తున్నారు.

“నీ పిల్లలు చల్లగుండాలి. నాకు పడవ లేదమ్మా,” అన్నాడు నాంచారయ్య.

“మరి ఇన్నాళ్లూ బరువెంత, ఇంజనెంత అని ఎందుకడిగారండీ?”

“నేను పడవలు లాగే కూలోణ్ణి తల్లీ.”