విన్‌ట్యూనా ఎవరి తాలూకు?

"తాలూకు గడి ఖాళీగా ఉంటే ఆ వరస ఎర్రగా వస్తుంది సార్," అంది చీపురు, గోడమీది తెర చూపిస్తూ.

ఆమెకు ఆ పేరు పెట్టింది పక్క కుర్చీలోని గళ్ళచొక్కా. కంపెనీలు క్లౌడ్‌లో మెషీన్లు అద్దెకు తీసుకుంటాయి. పనయ్యాక ఆపడం మరిచిపోతాయి. అద్దె మాత్రం పరుగు ఆపదు. అలాంటివాటిని వెతికి పట్టుకునే సాఫ్ట్‌వేర్ వీళ్ళది. కొత్త వెర్షన్‌లో ఊడ్చే భాగమంతా ఆమే రాసింది కాబట్టి చీపురైంది. బయటివాళ్ళకు ఇచ్చేముందు మనిల్లు ఊడ్చి చూద్దామన్నాడు ఆఫీసు నడిపే పెద్దాయన.

"ఇన్ని ఎర్రవా! ఎవరివీ కావా ఇవి?" అన్నాడాయన.

"అందరికీ మెయిల్ పెట్టాను సార్. చాలామంది వచ్చి మాదంటే మాదని పేర్లు రాసుకున్నారు. ఈ మిగిలినవాటికే దిక్కు లేదు. ఒక్కదాని మీదే నాకు అనుమానం. పేరు విన్‌ట్యూనా. ఎప్పుడూ పడుకునే ఉంటుంది. రోజుకోసారి లేచి, ఒళ్ళు విరుచుకుని, మళ్ళీ పడుకుంటుంది."

"ట్యూనా అంటే చేప కదే! ఏ చేపల కంపెనీకో చేసిపెట్టుంటారు. ఈపాటికి కంపు కొడుతుంటుంది, తీసి పారెయ్," అన్నాడు గళ్ళచొక్కా.

కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్న పెద్దాయన ఫక్కున నవ్వాడు. ఆయన నవ్వడం ఆ గదిలో ఎవరూ ఎప్పుడూ చూడలేదు. చీపురు కూడా సంతోషపడి నవ్వింది.

"పోనీ కొన్నాళ్ళు నిద్రపుచ్చి చూద్దామా సార్? ఎవరైనా అడిగితే లేపొచ్చు."

"నిద్రపోయినా అద్దె అద్దేనమ్మా. ఎవరి తాలూకో తెలియనిదాన్ని ఎన్నాళ్ళని మోస్తాం? తుడిచెయ్. అందుకేగా ఆ కొత్త బటన్ పెట్టమన్నాను."

చీపురు బటన్ నొక్కింది. ఎర్రవన్నీ ఒక్కొక్కటే మాయమయ్యాయి.

పెద్దాయన ఈ ఆఫీసుకు బదిలీ మీద వచ్చిన కొత్తలో, "మేడమ్‌ గారిని తీసుకురాలేదేం సార్?" అని గళ్ళచొక్కా అడిగాడు. "వెళ్ళింది," అన్నాడాయన. ఎక్కడికని అడిగితే కిటికీ వైపు తిరిగాడు. ఆ ఒక్క మాట చాలు, ఆఫీసంతా కథ అల్లేసింది. ఈయన పిసినారితనం పడలేక ఆవిడ పుట్టింటికి వెళ్ళిపోయిందని కొందరు, ఈయన నోటికి జడిసి వెళ్ళిందని కొందరు.

చీపురు మాత్రం ఆ కథల్లో చెయ్యి పెట్టేది కాదు. ఆమె విన్నది వేరు. రోజూ భోజనాల వేళకు పెద్దాయన మెట్ల మలుపు దగ్గర నిలబడి ఫోన్ చేస్తాడు. నీళ్ళ సీసా నింపుకోవడానికి అటు వెళ్ళినప్పుడల్లా అవతలి గొంతు సన్నగా వినిపిస్తుంది.

"చెప్పండి, వింటున్నా."

ఇక ఈయన అందుకుంటాడు. "ఇవాళా కూర మాడబెట్టాను. నువ్వుంటే ఎన్ని మాటలు అనేదానివో. నీ గులాబీకి మొగ్గొచ్చింది. ఆకులేమో పసుపెక్కుతున్నాయి, నీళ్ళు ఎక్కువవుతున్నాయా? చెప్పవూ." కాసేపు ఆగుతాడు. అవతల చప్పుడుండదు. "సరే, రేపు చేస్తాలే," అని ఫోన్ జేబులో పెట్టుకుంటాడు.

ఎంత మొండి మనిషమ్మా ఈవిడ, అనుకునేది చీపురు. వింటుందట, బదులు మాత్రం పలకదట. ఇంతలా బతిమాలితే రాయైనా కరుగుతుంది కదా. ఏదో ఒకరోజు ఆవిడ "నీళ్ళు తగ్గించండి" అంటుందని, ఆ మాట తన చెవిన పడాలని ఆశపడేది. అందుకే సీసా నిండినా పంపు కట్టేసేది కాదు.

ఆ మధ్యాహ్నం కూడా సీసా పట్టుకుని నిలబడింది. పెద్దాయన ఫోన్ చెవికి పెట్టుకున్నాడు. తీశాడు. తెరవంక చూసి మళ్ళీ పెట్టుకున్నాడు.

"నీ ఫోనోసారి ఇస్తావా అమ్మా? నాదానికేదో అయింది."

ఇచ్చింది. ఆయన నంబరు చూడకుండానే నొక్కాడు. ఆ నంబరు పనిచేయడం లేదని ఎవరో ముక్తసరిగా చెప్పారు.

"మేడమ్‌ నంబరు మార్చుకున్నారేమో సార్," అంది చీపురు మెల్లిగా.

"తన సొంత నంబరు కాదమ్మా. తను మన కంపెనీలో పనిచేసిన రోజుల్లో పెట్టించిన లైను. ఎప్పుడు చేసినా ఎత్తి, తను రికార్డు చేసిపెట్టిన గొంతుతో 'వింటున్నా' అంటుంది. అందుకే తను ఆ లైనుకు ఆ పేరే పెట్టింది. అంతా ఫోన్ కంపెనీవాళ్ళ దగ్గరే ఉంటుంది, నెలనెలా వాళ్ళకు కడుతూనే ఉన్నాను. మరి ఎందుకు ఆగిందో."

వింటున్నా. ఆ మాటను ఇంగ్లీషు అక్షరాల్లో, ఒక 'ఎన్' తగ్గించి రాస్తే ఎలా ఉంటుందో చీపురు కళ్ళముందు ఆడింది. చేప కాదది.

సీసా చేతిలోంచి జారి మెట్లమీద దొర్లుకుంటూ పోయింది.

"సార్, నంబరొక్కటే వాళ్ళది. ఎత్తి పలికేది మన మెషీన్. పొద్దున... విన్‌ట్యూనా అని..."

పెద్దాయన కళ్ళజోడు తీశాడు. తుడుచుకోలేదు.

"తిరిగి రాదా అమ్మా?"

"తుడిచాక రాదు సార్. క్షమించండి సార్, నేనే..."

"నువ్వేం చేశావు? తుడవమన్నది నేను." ఆయన గోడ పట్టుకుని మెట్టుమీద కూర్చున్నాడు. "ముందే తెలిస్తే తాలూకు గడిలో నా పేరు రాసుకునేవాణ్ణి."

చీపురుకు ఏడుపు తన్నుకొచ్చింది. ఆయన ముందు మోకాళ్ళమీద కూలబడింది.

"ఒక్క మాటేగా సార్. మేడమ్‌ ఎక్కడికి వెళ్ళారో చెప్పండి. ఎంత కోపంతో వెళ్ళినా సరే, నేనెళ్ళి కాళ్ళు పట్టుకుని ఆ మాట మళ్ళీ చెప్పించి రికార్డు చేసుకొస్తాను."

పెద్దాయన ఆమె తలమీద చెయ్యి వేశాడు.

"వెళ్ళలేదమ్మా, పోయింది."