స్పీకరు కింది బెంచీ

కంప్యూటర్ తెర అడుగున, కుడి మూల ఉండాల్సిన చిన్న స్పీకరు బొమ్మ లేదు.

గడియారం ఉంది. తారీకు ఉంది. వాటి పక్కన నిన్నటిదాకా ఉన్న ఆ బొమ్మ మాత్రం మాయమైంది.

దానితోపాటు బస్ స్టేషన్ గొంతు కూడా మూగబోయింది.

ఎనౌన్స్‌మెంట్ గదిలో కూర్చున్న అమ్మాయికి ముచ్చెమటలు పోశాయి. ఇంకా ఖాయం కాని ఉద్యోగం. మధ్యాహ్నం సూపరింటెండెంట్ తనిఖీకి వస్తున్నాడు. ఆయన రాసే ముక్క మీదే ఆమె ఉండటమో ఊడటమో ఆధారపడి ఉంది. కంప్యూటర్ శుభ్రంగా కనబడాలని పొద్దున్నే తెర మీద బొమ్మలన్నీ తనే సర్దింది. ఆ సర్దుడులోనే ఎక్కడో చెయ్యి జారింది. కోరి కొరివితో తల గోక్కుంది.

కిటికీ అద్దం మీద టకటకా చప్పుడైంది.

మఫ్లరాయన.

రోజూ వస్తాడు. నడివేసవిలోనూ మెడకు మఫ్లర్ తీయడు. ఏ బస్సూ ఎక్కడు. స్పీకరు కింది బెంచీ మీద కాసేపు కూర్చుని వెళ్లిపోతాడు. ఒక్కోరోజు చిన్న మనవరాలిని కూడా తెచ్చి ఒళ్లో కూర్చోబెట్టుకుంటాడు. ఆయనకి మాట రాదు.

చెవి చూపించాడు. పైన స్పీకరు చూపించాడు. ఏమైందన్నట్టు చెయ్యి తిప్పాడు.

"చూస్తున్నా తాతా, చూస్తున్నా," అని ఆమె గొంతు చించుకుని చెప్పింది. మాట రానివాళ్లకి వినపడదని ఆమె లెక్క.

పక్క కౌంటర్లో పార్సిల్ గుమాస్తా నవ్వాడు. "నోట్లో మాట లేదు గానీ, స్పీకరు మీద ఎంత బెంగో."

మఫ్లరాయన వెనుదిరిగి బెంచీల వైపు వెళ్లాడు.

ఆమె వైర్లు పీకి పెట్టింది. కంప్యూటర్ ఆపి మళ్లీ వేసింది. లాభం లేకపోయింది. చివరికి తమ్ముడికి ఫోన్ చేసింది. వాడు ముందు తీరిగ్గా ఎగతాళి చేశాడు, తర్వాత దారి చెప్పాడు.

"అది ఎక్కడికీ పోలేదక్కా. కనబడకుండా ఉంది, అంతే."

వాడు చెప్పేది వింటూ కిటికీలోంచి చూసింది. మఫ్లరాయన ఒక్కో ప్రయాణికుడి భుజం తడుతున్నాడు. వేళ్లతో ప్లాట్‌ఫారం నంబరు చూపిస్తున్నాడు. కునుకుతున్న ఒక ముసలామెను లేపి, ఆమె మూట తనే మోసుకుంటూ బస్సు దాకా నడిపించాడు. ఏ బస్సు ఎప్పుడు కదులుతుందో బోర్డు వంక చూడకుండానే తెలుసు.

"మూగ ఎనౌన్సరు," అన్నాడు గుమాస్తా.

అంత కంగారులోనూ ఆమెకి నవ్వొచ్చింది.

తమ్ముడు చెప్పినట్టే కింది పట్టీ మీద మౌస్ కుడి బటన్ నొక్కింది. సెట్టింగ్స్ తెరిచింది. పట్టీ మీద కనబడాల్సిన బొమ్మల వరసలో వాల్యూమ్ ఎదురుగా 'ఆఫ్' అని ఉంది. ఆన్ చేసింది.

మూలలో బొమ్మ ప్రత్యక్షమైంది. దాన్ని నొక్కి, అడుగంటిన ధ్వనిని పైకి జరిపింది.

"ప్రయాణికులకు మనవి. మూడో నంబరు ప్లాట్‌ఫారం మీదున్న బస్సు మరికాసేపట్లో బయలుదేరుతుంది."

నిండైన మగ గొంతు. పాత రికార్డు కాబట్టి కాస్త గరగర. తొందర లేదు, విసుగు లేదు.

మఫ్లరాయన ఉన్నచోటే నిలబడి, కళ్లు మూసుకుని విన్నాడు. తర్వాత గబగబా కిటికీ దగ్గరికి వచ్చి జేబులోంచి ఫోన్ తీశాడు. ఫోన్ చూపించి, కంప్యూటర్ చూపించి, చేతులు జోడించాడు.

"ఇక్కడ చార్జింగ్ పెట్టనివ్వరు తాతా. క్యాంటీన్లో అడుగు."

కాదని తల ఊపి మళ్లీ చూపించబోయాడు. అప్పుడే బయట సూపరింటెండెంట్ జీపు ఆగింది.

"రేపు చూద్దాంలే," అని ఆమె కిటికీ మూసేసింది.

సూపరింటెండెంట్ గదిని మెచ్చుకున్నాడు గానీ, స్పీకరు వినగానే మొహం చిట్లించాడు. ఈ గరగర గొంతును మిగతా స్టేషన్లలో ఎప్పుడో తీసేశారని, హెడ్డాఫీసులో కూడా కాపీ లేదని, ఇక్కడొక్కచోటే వేలాడుతోందని చెప్పాడు. కొత్త రికార్డింగ్ ఉన్న పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టాడు.

ఆయన ఎదుటే ఆమె కొత్తది ఎక్కించింది. పాత ఫైళ్లన్నీ చెరిపేసింది. ఇంకా చురుగ్గా కనబడాలని రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేసింది.

"పనిమంతురాలివే," అన్నాడాయన.

ఉద్యోగం నిలబడింది.

మర్నాడు మఫ్లరాయన వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. స్పీకర్లోంచి గాజుపలకలా నున్నటి ఆడగొంతు వచ్చింది. తలెత్తి విన్నాడు. మరో బస్సు వచ్చేదాకా ఆగి, మళ్లీ విన్నాడు.

"కొత్త గొంతు తాతా. బాగుంది కదూ?" అని అరిచింది ఆమె, కిటికీలోంచి.

బాగుందన్నట్టు తల ఊపాడు. ఫోన్ జేబులోంచి తీయలేదు. మెల్లగా లేచి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత రాలేదు.

ఆ బెంచీ మీద ఎవరెవరో కూర్చుని లేచి వెళ్తున్నారు. ఒకరోజు ఒక పెద్దావిడ చిన్నపిల్ల చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చింది. పిల్లను చూడగానే ఆమె గుర్తుపట్టింది.

"తాతగారు బావున్నారా అండీ?"

"పోయారమ్మా," అంది పెద్దావిడ.

ఆమె కిటికీ పూర్తిగా తెరిచింది. "పాపం, మంచాయనండీ. పుట్టుకతోనే మాట లేదా?"

"ఎందుకు లేదమ్మా. గొంతులో పుండు. ప్రాణం దక్కాలంటే తీసెయ్యాలన్నారు. ఈ పిల్ల పుట్టకముందు సంగతి." పెద్దావిడ సంచిలోంచి ఫోన్ తీసింది. "ఇది పట్టుకుని వస్తే రేపు చూద్దామన్నావట కదా. అందుకని నేనొచ్చాను."

"చార్జింగ్ కోసమే కదండీ?"

పెద్దావిడ అర్థం కానట్టు చూసింది. జవాబు చెప్పేలోపే స్పీకర్ పలికింది. మూడో నంబరు ప్లాట్‌ఫారం మీదున్న బస్సు మరికాసేపట్లో బయలుదేరుతుందంది.

పిల్ల తలెత్తి చివరిదాకా విన్నది. తర్వాత పెద్దావిడ చెయ్యి లాగింది.

"నానమ్మా, ఇది తాతయ్య కాదు. తాతయ్యని పెట్టమను."